తొర్రగుట్ట గుంతల నిలబడ్డోడు

తొర్రగుట్ట గుంత ఎరుకేగదా మీకు? ఎందుకు ఎరుక ఉండదు, పొద్దటి సంది మీ నోట్ల అదే మాట నానుతున్నది. కంకర మిషన్ దాటినంక ఎడమ చెయ్యి దిక్కు బాటల ముండ్లకంప అడ్డం పెట్టి ఉంటది చూడు, అదే. మనూరోళ్లు గొర్లను సుత అటు తోలరు. బర్రె తప్పిపోయి అటు పోయిందనుకో, కంప ఇవతలనే నిలబడి గొంతు పోయేటట్టు పిలుస్తరు గని ఒక్క అడుగు లోపట పెట్టరు. పట్నపోళ్లకేమో అది ఫోన్ల బ్లూ లేక్ అని కనవడ్తదట. నీళ్లు నీలంగ ఉంటయట, పట్నంకెల్లి బండి మీద ఇట్ల వచ్చి అట్ల పోవచ్చట. నీలంగ ఎందుకుండవు బిడ్డా, అంత లోతున్నంక? దగ్గరికి జరుగుండ్రి. ఆ ఈత ట్యూబు మూలకు పెట్టు శిరీషా, దాన్నెవ్వలు ఎత్కపోరు గని.

దామోదర్ అని ఒకాయన ఉండె. ఉప్పల్ దిక్కు ఉంటడు, ఇండ్లల్ల ఏసీలు బిగించే పని. చిన్నప్పుడు అమ్మమ్మోళ్ల ఊర్ల మోట బాయి గడ్డ మీదికెల్లి దుంకి ఈత నేర్చినోడు, ఈతంటే పానం. పెండ్లి చేసుకొని పట్నంల కిరాయింట్ల పడ్డంక ఇగ ఏమున్నది, బకెట్ల నీళ్లే బాయి, అవే చెరువు. ఆయన పెండ్లాం రజిత, ఆమెకొక తమ్ముడు, సాకేత్. అమ్మానాయినలు పోతే ఆ పిల్లగాణ్ణి అక్కనే సాదింది, డిగ్రీ చదివిచ్చింది, వాడు పోలీసు నౌకరికని రోజు పొద్దుగాల లేచి మైదానంల ఉరుకుతుండె. ఎండకాలం వచ్చింది, ఇల్లంత పొయ్యి లెక్క కాలుతున్నది, ఇగ వాడు ఫోన్ల ఈ గుంత ఫోటో చూసి, బావా నాకు ఈత నేర్పు, బావా నాకు ఈత నేర్పు అని ఎంటబడ్డడు. దామోదర్‌కు సుత లోపల ఆశ ఉండనే ఉన్నది.  బయలెల్లేటప్పుడు రజిత గడప కాడ నిలబడి ఒక్కటే మాటన్నది.

"వానికి నీళ్లు తెల్వయి. నీ చేతిల పెడ్తున్న."

ఖలీల్ అని దామోదర్ తోటి పనిచేసేటాయన, ఆయన ట్రాలీ ఆటోలనే ముగ్గురు వచ్చిన్రు. ఏసీ డబ్బలను మిద్దెల మీదికెల్లి దించేందుకు లావు మోకు ఒకటి ఆ బండిల ఎప్పటికి ఉంటది. ఖలీల్‌కు ఈత రాదు, నీళ్లంటే ఇష్టం సుత లేదు, దోస్తు అడిగిండని వచ్చిండు. ముండ్లకంప కాడ బండి ఆపి, ఎవలో కావాలనే పెట్టిన్రు భాయ్, రావద్దనే గదా అన్నడు. సాకేత్ దిగి కట్టెతోని కంపను పక్కకు నూకిండు. అంతే, మరి. వద్దన్నది నూకుడు ఎంతసేపు?

ఆదివారం అయినా గుంత కాడ మనిషి లేడు. దామోదర్ మంచిదే అనుకున్నడట, గుంపు లేదు, హాయిగ ఈదొచ్చని. ఎందుకు లేరో ఆయనకేమెరుక? అంతకు కొన్ని రోజుల ముందే నరహరి అని మందుల కంపెనీల పనిచేసే పిల్లగాడు దోస్తులతోని వచ్చి మునిగిండు. పోలీసులొచ్చి, గాలం వేసేటోళ్లొచ్చి, దేవులాడి దేవులాడి దొరకక పోయిన్రు. వాని నాయిన ఒక్కడు మాత్రం పోలే. మన బడి అరుగు మీద పండుకొని, పొద్దు పొద్దుకూ ఆ కంప కాడికి పోయి నిలబడి వచ్చేటోడు. వీళ్లు వచ్చేసరికి ఆయన నా ఇంటి కాడ ఇంత జొన్నగటక తింటున్నడు. లేకుంటే ఆపుతుండెనేమో.

గుంత ఎట్లుంటదంటే, మూడు దిక్కుల బండను కత్తితోని కోసినట్టు నిట్టనిలువు గోడలు. ఒక్క దిక్కే లారీలు దిగిన బాట ఉంటది, అది అట్లనే నీళ్లల్లకు పోతది. ఆ బాట మీద మోకాళ్ల దాక, నడుము దాక నడుచుకుంట పోవచ్చు, ఆ ఎనక బాట తెగిపోతది. ఆడికెల్లి ఇగ తాటిచెట్టు మీద తాటిచెట్టు పెట్టినంత లోతు. దామోదర్ ముందు తనే దిగి, మునిగి, అడుగు అందక పైకొచ్చి, బాట ఎక్కడ తెగుతదో చూసుకొని, సాకేత్‌కు ట్యూబు వేసి, ఇది దాటొద్దురా అని చెప్పిండు. బుద్ధిమంతుడే. చాలాసేపు పిల్లగానికి కాళ్లు కొట్టుడు, ఊపిరి పట్టుడు నేర్పిచ్చిండు. ఆ తర్వాత ఎదురుంగ గోడ దాక ఒక్కసారి పోయొస్త అన్నడు. ఎన్నేండ్ల ఆశ అది! చేతులు చాపి ఈదుతుంటే చిన్నతనం మొత్తం ఒంట్లకు తిరిగొచ్చినట్టైందట. గోడ తాకి, ఊపిరి తీసుకొని, ఎనకకు తిరిగిండు.

ట్యూబు ఒక్కటే తేలుతున్నది. పిల్లగాడు లేడు.

లేడంటే, బాట కాడ లేడు. గుంత నడిమిట్ల ఉన్నడు. నిలబడి ఉన్నడు, అర్థమైతుందా? ఈదుతలేడు, మునుగుతలేడు. ఎండ మీద పడుతుంటే నవ్వుకుంట, ఛాతి దాక నీళ్లల్ల, మనం ఈ వాకిట్ల నిలబడ్డట్టు నిలబడి చెయ్యి ఊపుతున్నడు.

"బావా, ఈడ లోతే లేదు."

 దామోదర్ ఉన్నకాడనే ఆగి, అటెందుకు పోయినవు అనడిగిండు. నువ్వే పిలిస్తివి గద, ఇటు రా ఇటు లోతు లేదని, అన్నడు వాడు.

"దేని మీద నిలబడ్డవురా?"

"బండ మీద బావా. నున్నగున్నది. జర జారుతున్నది."

ఇగ మీకు తిప్పన్న ముచ్చట చెప్పకుంటే ఇది తెల్వదు. ఆగుండ్రి, పిల్లగాడు ఆన్నే ఉంటడు. ఆ గుట్టను బండల కోసం తొలిచేటప్పుడు పాలమూరు దిక్కుకెల్లి వచ్చిన కూలోళ్లు అడుగున పనిచేసేటోళ్లు. తిప్పన్న వాళ్లల్ల ఒకడు, భుజాలు తలుపు రెక్కలంత ఉండె. ఒకనాడు మందు పెట్టి పేల్చినంక బండ పగిలి జల పడ్డది. నీళ్లు ఎగజిమ్మినయి. లారీ బాట దూరం, నిచ్చెన కొట్టుకపోయింది. అప్పుడు తిప్పన్న గోడకు ఆనుకొని నిలబడి, ఒక్కొక్కణ్ణి భుజాల మీదికి ఎక్కిచ్చుకొని గోడ నడుమ ఉన్న గట్టుకు అందిచ్చిండు. అందర్ని ఎక్కిచ్చిండు. అందరు ఎక్కినంక వాడు చెయ్యి పైకి చాపిండు. చెయ్యి ఇచ్చేలోపే నీళ్లు ముంచినయని వాళ్లన్నరు. భయపడి ఉరికిన్రని మేమన్నం. ఏది నిజమో, శవం అయితే దొరకలే. అప్పటి సంది ఎండకాలం వస్తే ఆ గుంత ఎవల్నో ఒకల్ని పొట్టల పెట్టుకుంటనే ఉన్నది.

ఇదంతా దామోదర్‌కు తెల్వది. ఆయనకు ఒకటే తెలుసు, ఆడ బండ లేదు. ఆ మాట చెప్తే పిల్లగాడు బెదురుతడు, బెదిరి కదిలితే పోతడు. అందుకని మెల్లగ, చప్పుడు చెయ్యకుంట ట్యూబు దిక్కు ఈదుకుంట, వానితోని ఉత్తుత్త ముచ్చట్లు పెట్టిండట. సెలక్షన్లు ఎప్పుడురా, ఉరుకుడుల ఎవలు ఫస్ట్ వస్తున్నరురా, అక్క పొద్దున ఏం వండిందిరా అని. వాడు జవాబు చెప్పుకుంట నిలబడ్డడు. ఒడ్డు మీద ఖలీల్ చూసిండు, దామోదర్ మొఖం చూసి సంగతి తెల్సుకొని, అరవకుంట పోయి బండిలకెల్లి మోకు తీసిండు. ట్యూబు పట్టుకొని దామోదర్ పిల్లగాని దగ్గరికి వస్తుంటే, వాని నవ్వు ఆగిపోయింది.

"బావా, బండ కదులుతున్నది."

ట్యూబును వాని తల మీదికెల్లి చంకల కిందికి దించి, కాళ్లు లేపుకో అన్నడు. వాడు ఒక కాలు లేపిండు. రెండోది రాలే. ఎవలో పట్టుకున్నరు బావా అన్నడు. దామోదర్ మునిగిండు.

ఆయన చూసింది నాకు నా వాకిట్ల కూసొని చెప్పిండు, నేను అట్లనే మీకు చెప్తున్న. నీళ్లు తేటగ ఉన్నయట, ఎండ లోపటి దాక దిగుతున్నదట. సాకేత్ కాలు కింద ఒక మనిషి ఉన్నడు. పట్నం మనిషి, గళ్ల అంగి, చక్కగ కత్తిరిచ్చిన గడ్డం, కండ్లు తెరిచే ఉన్నయి. సాకేత్‌ను భుజాల మీద నిలబెట్టుకున్నడు, ఒక చేత్తోని వాని కాలు పట్టుకున్నడు. ఆయన ఇంకొకని భుజాల మీద నిలబడ్డడు. ఆ ఇంకొకడు మరొకని మీద. ఆ కింద ఇంకొకడు. ఎండ ఎంత లోతుకు పోతే అంత లోతు మనుషులే, ఒకని మీద ఒకడు, నిచ్చెన లెక్క. అందరు పైకే చూస్తున్నరు. అన్నిటికన్న అడుగున, సరిగ్గ కనవడని చీకట్ల, తలుపు రెక్కలంత భుజాలు.

పైకి వచ్చిండు. మీరైతే ఏం చేస్తురు? తన్నుతురు, కొరుకుతురు. ఆయన తన్నలే. వాళ్ల కండ్లల్ల పగ లేదు అవ్వా, ఎవలన్న గుంజుతరేమోనని చూస్తున్నరు, అన్నడు నాతోని. ఆయన తన చెయ్యిని సాకేత్ కాలు పొంటి కిందికి పోనిచ్చి, చల్లటి వేళ్లు దొరికినంక, ఆ నీళ్లతోనే మాట్లాడిండు.

"వాణ్ణి ఇడువు. వాడు నిన్ను మొయ్యలేడు. నా చెయ్యి పట్టు, నేను గుంజుత."

వేళ్లు కాలు ఇడిచినయి. ఆయన మణికట్టు పట్టినయి. ఆయన సుత ఆ మణికట్టును గట్టిగ పట్టిండు.

ఖలీల్ మోకు ఇసిరిండు, సాకేత్‌ను ఒడ్డుకు గుంజిండు, మళ్ల ఇసిరిండు. దామోదర్ ఒంటిచేత్తోనే దాన్ని చంకల కిందికెల్లి తిప్పి ముడేసుకున్నడు. పిల్లగాడు దక్కిండు, ఇగ చెయ్యి ఇదిలిచ్చుకొని రావచ్చు గద? రాలే. మాటిచ్చిన గదా అన్నడు. ఖలీల్ మోకు కొసను ట్రాలీకి కట్టి బండి నడిపిండు. చక్రాలు ఆన్నే తిరుగుతున్నయి, మన్ను లేస్తున్నది, బండి అంగుళం అంగుళం కదులుతున్నది. బాట అంచు దాక వచ్చిన్రు. నీళ్లల్లకెల్లి జుట్టు లేచింది, నుదురు లేచింది, మొఖం లేచింది. నోట్లకెల్లి నీళ్లు కారుకుంట ఆ మొఖం ఒక్కటే మాటన్నది, అది ఖలీల్‌కు సుత ఇనవడ్డది.

"ఇడువకు."

దామోదర్ ఇంకింత గుంజిండు. అప్పుడు చూసిండట, ఆ మనిషి ఒక్కడే రాలే. ఆయన కాలును ఒక చెయ్యి పట్టింది, ఆ చెయ్యినోని కాలును ఇంకో చెయ్యి పట్టింది. గుంత మొత్తం లేచి వస్తున్నది. దామోదర్ భుజంల ఏదో ఇరిగిన చప్పుడైంది, ఆయన చెయ్యి దానంతటదే తెరుచుకున్నది. మొఖం మునిగిపోయింది. నీళ్లు ఎప్పటి లెక్కనే నీలంగ అయినయి.

తిన్నగ నా వాకిట్లకే వచ్చిన్రు, దారిల మొదటి ఇల్లు నాదేగద. పిల్లగాడు వణుకుతున్నడు, దుప్పటి కప్పి లోపట పండుకోబెట్టిన. దామోదర్ భుజానికి ఉప్పు కాపడం పెడుతుంటే ఆయన నొప్పికి ఏడ్వలే, నేను ఇడ్వలే అవ్వా, చెయ్యి ఇడ్సింది, అదే మాట, మళ్ల అదే మాట. నరహరి నాయిన మూలకు కూసొని అంత ఇన్నడు. గళ్ల అంగి అనంగనే లేచి బయటికి పోయిండు. 

తెల్లారి లారీ బాట మీద, మోకాలంత నీళ్లల్ల, నరహరి శవం ఉన్నది. బోర్ల పడి, ఒక చెయ్యి ఒడ్డు దిక్కు చాపి. ఎవ్వలు గుంజిన్రని పోలీసులు అడిగిన్రు, మాకేం తెల్సు అన్నం. కబురు పోతే దామోదర్ మెడకు గుడ్డ వేసి చెయ్యి కట్టుకొని వచ్చిండు. పెద్దాయన కొడుకు చెయ్యి తన ఒళ్లె పెట్టుకొని కూసున్నడు. ఆ మణికట్టు మీద వేళ్ల అచ్చులు నల్లగ ఉన్నయి. దామోదర్ తన మణికట్టు చూపెట్టిండు. అవే అచ్చులు. పెద్దాయన ఆ అచ్చుల మీద చెయ్యి వేసి నిమిరిండు.

"మధ్యల ఇడ్వలేదు బిడ్డా నువ్వు. నా దాక తెచ్చినవు."

అప్పుడు ఏడ్సిండు దామోదర్. ఆ చెయ్యి మళ్ల భుజం పైకి లేవలే, ఏసీల పని పోయింది, ఇప్పుడు ఖలీల్‌తోని కలిసి రిపేరు దుకాణం నడుపుతుండు. సాకేత్‌కు నౌకరి వచ్చింది. వాడు దేని మీద నిలబడ్డడో వానికి ఈనాటిదాక చెప్పలే. రజితకు మాత్రం అంత చెప్పిండట.

ఇగ లేవుండ్రి, అన్నం చల్లారుతున్నది. రేపు పోతమంటరా, పోండ్రి, నేనేం కాళ్లు పట్టుకుంటనా? నరహరి వచ్చేసిండు గదా, నిచ్చెనకు మీది మెట్టు ఖాళీగున్నది. వాళ్లు దానికే మనిషిని చూస్తున్నరు. మీల ఎవలు మంచిగ నిలబడ్తరో మీరే మాట్లాడుకొని పోండ్రి.