నిరుటి మట్ట

రేపు బూడిద బుధవారం. నిరుడు మట్టల ఆదివారం నాడు పంచిన మట్టలను ఇంటింటా సేకరించి కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు పెట్టడం ఆ చర్చి ఆచారం. కాల్చే పని రిటైరైన కెమిస్ట్రీ మాస్టారిది. చివరగా ఆయన వదినగారింటికి వచ్చాడు.

“ఏమయ్యా నాస్తికుడా, ఫాదర్‌గారికి నువ్వే దొరికావా?”

“నిప్పు నా మాట వింటుందని ఆయన నమ్మకం. మీ మట్ట ఇవ్వండి వదినా.”

“ఇవ్వను. మీ అన్నయ్య చివరిసారి చర్చిలో పట్టుకున్నది అదే.”

ఎండిన మట్ట అన్నగారి ఫోటో వెనక ఉంది. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఏటా అన్నయ్యే తీసిచ్చేవాడు కదా.”

“కాల్చాక మీ అన్నయ్యది ఏదో వేరు చేసి చూపించగలవా? సైన్సు చదివావుగా!”

“లేను. బూడిదలో అన్నీ కలిసిపోతాయి.”

“నా కోసం అబద్ధమైనా చెప్పవేం?”

“నాకు చేతకాదు. కలిసిపోయిన ఆ బూడిదే రేపు అందరికీ పెడతారు. మీకూ, అన్నయ్యతో పదేళ్లు మాట్లాడని ఆ కాంపౌండర్‌కీ.”

ఆమె ఫక్కున నవ్వింది. “వాడిక్కూడానా! మీ అన్నయ్య ఒప్పుకోరు.”

నవ్వుతూనే లేచి, మట్ట తీసి, కొంగుతో దుమ్ము తుడిచింది.

“మరి నీ నుదుటికో?”

“నేను రాను కదా వదినా. కాల్చేటప్పుడు చేతులకు ఎలాగూ అంటుతుంది.”

“అయితే వెంటనే కడుక్కోకు,” అని ఆమె మట్ట అందించింది.