ఎలాస్టిక్‌తో కట్టిన బల్ల

బామ్మర్ది టీ కొట్టుకి వచ్చింది టీ కోసం కాదు. బావని ఒకే ఒక్క మాట అడిగి పోదామని. నిన్న బల్ల ఏ దారిన తెచ్చావు? అంతే. ఆ బల్ల కాళ్ళలో ఒకటి దారిలో ఎక్కడో పడిపోయింది. కాలు ఒక్కటీ విడిగా అమ్మరట.

అక్కది కుట్టుపని. రేపటికల్లా గుడ్డంతా కత్తిరించి కుట్టడం మొదలుపెట్టకపోతే యూనిఫాంల పని ఇంకొకరికి ఇచ్చేస్తామని స్కూలు వాళ్ళు చెప్పేశారు. అందుకే ఆ పెద్ద కటింగ్ బల్ల కొన్నది. ఇప్పుడది గోడకి ఆనించి ఉంది. అక్క నేల మీద పాకుతూ కత్తిరిస్తోంది. అసలే మోకాళ్ళ నొప్పులు. అది చూసి వచ్చినవాడికి ఒళ్ళు మండదూ?

బావ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని అప్పటికే మొదలుపెట్టేశాడు.

“బల్ల ఇంటికి పంపిస్తావా అని బల్లల కొట్టువాణ్ణి మర్యాదగానే అడిగాను. వారం పడుతుందన్నాడు. వారమా! నేనెవరనుకున్నాడు వాడు? నా కారులో నేనే తీసుకుపోతానన్నాను. వాడు బయటికొచ్చి కారుని చూసి, పళ్ళికిలించి, ‘సార్, ఇందులో బల్ల కాదు కదా, బల్ల సొరుగు కూడా పట్టదు’ అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది!”

“ఎక్కదూ మరి!” అన్నాడు సైకిల్ షాపాయన.

“బావా, ఏ దారిన...”

“ఉండరా, చెప్తున్నాగా! కాళ్ళు ఊడదీసి లోపల తోశా. ఒక్కటి పట్టలేదు, బల్లతో పాటు పైన పెట్టా. బల్లని ఒంటిచేత్తో ఎత్తా, రెండో చేత్తో ఫోను మాట్లాడుతున్నా మరి. తాడు కావాలా సార్ అన్నాడు. నీ తాడు నువ్వే ఉంచుకో, నీ మొహానికి అన్నా. మా ఆవిడ తెమ్మన్న ఎలాస్టిక్ చుట్ట ఉందిగా, నిక్కర్ల నడుముకి వేసేది? దాంతో బిగించి కట్టా.”

పోస్ట్‌మాన్ నోటిదాకా తెచ్చిన గ్లాసు ఆపేశాడు. “ఎలాస్టిక్‌తోనా!”

ఈ సంగతి బామ్మర్దికీ ఇప్పుడే తెలిసింది. సాగేదాంతో సామాను కట్టాలన్న బుద్ధి కుట్టుమిషను ఉన్న ఇంట్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. పొద్దున అక్క ఆ చుట్ట విప్పి, కొత్తది ఇలా వేలాడుతోందేమిట్రా అని తల పట్టుకుంది. తనేమో ఎలాస్టిక్ అమ్మిన కొట్టువాణ్ణి తిట్టాడు పాపం.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డెక్కానో లేదో, ఎదురుగా లారీ. జరగడు! హారన్ కొడితే వినడు! వాడి బాబు సొమ్మా రోడ్డు? మండుకొచ్చి బ్రేకు తొక్కా. కారు ఆగింది, బల్ల ఆగలా. బారెడు ముందుకు సాగి లారీకి ఒక్కటిచ్చి వెనక్కొచ్చింది. అయినా జరగలేదు వెధవ! ఇక చూస్కో, బల్లని వాడి లారీకే తగిలించి, కారు రివర్సులో పోనిచ్చి, ఎలాస్టిక్ బాగా సాగాక వదిలా. కారూ నేనూ బల్లా లారీ మీంచి ఎగిరి అవతల పడ్డాం! ఆ డ్రైవరు తల బయటపెట్టి దణ్ణం పెట్టాడు.”

“ఏ రోడ్డు మీద? బైపాసా, మార్కెట్టా?” బామ్మర్ది పళ్ళు నూరాడు. ఇంట్లో బైపాసన్నాడు కదా అని పొద్దున్నుంచి ఆ రోడ్డుకి రెండు పక్కలా చెప్పులరిగేలా తిరిగాడు. కాలవలో కూడా కర్ర పెట్టి వెతికాడు.

“రోడ్డు మీద ఉంటేగా! ఆ ఊపుకి బల్ల రెక్కలా పనిచేసింది. ఫ్లైఓవర్ ఎక్కడో కింద కనిపించింది. ఏటి మీదికొచ్చేసరికి గాలి పడిపోయి నీళ్ళలో దిగాం. మునిగిపోతామా? బల్లని తీసి కారు కిందకి తోసి, వైపర్లతో తెడ్డేసుకుంటూ ఒడ్డుకొచ్చా. అక్కడో పోలీసు. లైసెన్సు తియ్యి అన్నాడు. కారుదా, పడవదా, విమానానిదా, ముందు అది తేల్చుకో అని కసిరా. నోరెత్తితే ఒట్టు!”

సైకిల్ షాపాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. బామ్మర్దికి మాత్రం ఆ నవ్వు వింటుంటే ఇంకా మండింది. లేచి బావకి ఎదురుగా నిలబడ్డాడు.

“ఎగిరావు, ఈదావు, అన్నీ చేశావు. కాలు ఎక్కడ పడేశావు? అక్క నేల మీద పాకుతోంది బావా! ఆ పని చేజారితే మళ్ళీ దొరుకుతుందా? ఇంట్లో అబద్ధం చెప్పావు, ఇక్కడా అబద్ధమే చెప్తున్నావు. ఒక్క నిజం చెప్పు చాలు. ఏ దారి?”

బావ తన గ్లాసు అందుకుని చల్లారిన టీ ఒక గుక్క తాగాడు.

అదే అదనుగా టీ కొట్టు నడిపే పిన్ని స్టవ్ తగ్గించి, వెనక పాల డబ్బాల పక్కనుంచి నున్నటి బల్ల కాలు తెచ్చి బెంచీ మీద పెట్టింది.

“కారు ఇక్కడే, ఈ మార్కెట్ మలుపులోనే ఆగిపోయింది కదయ్యా నిన్న. బల్ల జారి అద్దానికి అడ్డం పడింది. కూరగాయలాయన్ని బతిమాలుకుని, తోపుడు బండి మీద బల్ల వేసుకుని పోయారు. కాలు నా గుమ్మంలో పడింది. కేకేశా, వినలేదు. ఇందాకట్నుంచి ఇద్దామనే చూస్తున్నా. మాటకి సందిస్తేగా!”

కొట్టంతా గొల్లున నవ్వింది. బావ మెల్లగా, “అంటే పిన్నీ, ఆ తోపుడు బండి ఉందే, అది మామూలు బండి కాదు...” అని అందుకోబోయాడు.

బామ్మర్ది కాలు తీసి భుజాన పెట్టుకున్నాడు.

“లే బావా, ఇంటికి నడు. కాలు నేను బిగిస్తా, బల్ల నువ్వు పట్టుకో. దారిలో ఒక్క మాట మాట్లాడావంటే ఈ కాలు మళ్ళీ పడుతుంది. ఈసారి పడేది రోడ్డు మీద కాదు.”