ఎవరి తాలూకని అడగని శశిభూషణ్ గారు

1984వ సంవత్సరం నవంబరు పన్నెండవ తేదీన, కార్తీక సోమవారపు ఉపవాసంతో, అమలాపురం దగ్గరి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చి, మన శ్రీ వాశిష్ఠీ సహకార చక్కెర కర్మాగారపు చెరకు విభాగంలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేరిన శ్రీ ఆకొండి శశిభూషణ్ గారు, ఈ 2000వ సంవత్సరం జూన్ ముప్పయ్యవ తేదీన స్వచ్ఛంద పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి వ్యాసాల్లో నెరిసిన తల గురించీ, మనుమలతో గడిపే విశ్రాంత జీవితం గురించీ రెండు మంచి మాటలు రాయడం రివాజు. శశిభూషణ్ గారు మాకు ఆ వీలు లేకుండా చేశారు. ఆయనకు ఇంకా నలభై నిండలేదు. పైగా వెళుతున్నది విశ్రాంతికి కాదు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ డెవలపరుగా మళ్ళీ మొదటి మెట్టు ఎక్కడానికి.

చేరిన తొలి ఏడేళ్ళూ ఆయన సైకిలు మీద తిరగని చెరకు తోట ఈ మండలంలో లేదంటే అతిశయోక్తి కాదు. ఆ రోజుల్లోనే మన రైతు శ్రీ వేదుల సూర్యనారాయణమూర్తి గారి కుమార్తె కనకవల్లి గారిని వివాహమాడి, కోనసీమ మనిషి కాస్తా మన ఊరి అల్లుడయ్యారు. 1991లో చెరకు అధికారిగా పదోన్నతి పొంది, కటింగ్ ఆర్డర్లిచ్చే బాధ్యత స్వీకరించారు. ఆయన సుఖం అక్కడితో సరి.

కటింగ్ ఆర్డరంటే, ఏ రైతు తోట ఏ రోజు నరకాలో చెప్పే కాగితం. అది సకాలంలో అందకపోతే పక్వానికొచ్చిన చెరకు పూత పూసి, గుల్లబారి, తూకం పోతుంది. కనుక సీజను మొదలైతే చాలు, శశిభూషణ్ గారు పళ్ళు తోముకునేసరికే అరుగు నిండా మనుషులు. ఒక్కొక్కరూ ఒక పెద్దమనిషి పేరు చెప్పుకుని ‘వారి తాలూకండి’ అనేవారే. రామచంద్రపురంలో ఒక పెళ్ళికి వెళితే, గారెలు వడ్డిస్తున్న ఆసామి విస్తరి ముందే నిలబడి, “మా బావగారి ఆర్డరు సంగతి కాస్త చూడండి, ఇంకో రెండు గారెలెయ్యమంటారా?” అన్నాడు. ఆయన గారెలూ తినలేదు, పెళ్ళీ చూడలేదు. మరొక ఉదయం ఎవరో గుమ్మంలో బీరకాయలు పెట్టి వెళ్ళిపోతే, పెట్టినవారెవరో తెలియక, కనకవల్లి గారు ఆ సంచీ పట్టుకుని వీధి వీధీ తిరిగి, చివరికి గుడి వంటశాలలో ఇచ్చివచ్చారు. చూసేవారికిది నవ్వులాటగా ఉండవచ్చు గాని, ఆ ఇంట్లో నవ్వు మాయమై చాలా కాలమైంది. రక్తపోటు మాత్రలు వచ్చాయి. సంతకం చేసేటప్పుడు చేయి వణకడం మేమందరం చూశాము.

1995 సీజనులో మిల్లు మరమ్మతుకొచ్చి ఆగిపోవడంతో ఆర్డర్లన్నీ తారుమారయ్యాయి. పలుకుబడి గలవారి చెరకు ఎలాగో గానుగకు చేరింది. తణుకు దారిలో రెండెకరాల మాగాణి మీద బతుకుతున్న శ్రీమతి లక్ష్మీనరసమ్మ గారి చెరకు మాత్రం నిలువునా ఎండిపోయింది. ఆవిడ ఒక ఎండిన గడను తెచ్చి శశిభూషణ్ గారి బల్ల మీద పెట్టారు.

“మిమ్మల్ని తిట్టడానికి రాలేదండి బాబూ. మా తాలూకు అని చెప్పుకోడానికి నాకెవరూ లేరు. ఆ మాట చెబుదామనొచ్చాను,” అని వెళ్ళిపోయారు.

ఆ పూట ఆయన క్యారేజీ విప్పలేదు. గడను బల్ల మీంచి తీయనూ లేదు.

మరుసటి ఏడు జీతాల లెక్కల కోసం కార్యాలయానికి కంప్యూటరు వచ్చింది. ఆ చల్లటి గదిలోకి మేమంతా చెప్పులు బయట విడిచి, దూరం నుంచి దణ్ణం పెట్టి వచ్చేవాళ్ళం. శశిభూషణ్ గారు మాత్రం పుస్తకం ముందేసుకుని దానితో కుస్తీకి దిగారు. కొన్ని నెలలు శ్రమించి, తోట వివరాలు ఎక్కిస్తే కటింగ్ వరుస తానే తేల్చే ప్రోగ్రాము రాశారు. విస్తీర్ణం, చెరకు రకం, నాటిన తేదీ, ఇంతే. తొలి వరుస అచ్చై గోడకెక్కిన రోజున సూర్యనారాయణమూర్తి గారు కళ్ళజోడు సవరించుకుని చూస్తే, సొంత మామగారి తోట ఎక్కడో అట్టడుగున ఉంది.

“ఏంటల్లుడూ, నేనెవరినో నీ పెట్టెకి చెప్పలేదా?”

“చెప్పలేదండి మావయ్యగారూ. ఎవరి తాలూకన్న గడి అందులో పెట్టలేదు.”

పెద్దాయన రెండు పండగలకు అల్లుణ్ణి పిలవలేదు. ఆ ఏడు లక్ష్మీనరసమ్మ గారి చెరకు మాత్రం పచ్చగా గానుగకు చేరింది.

దీనితో బాధలు తీరి ఉంటే ఈ వ్యాసం మరో పందొమ్మిదేళ్ళ తర్వాత రాసేవాళ్ళం. యంత్రం వరుస వేస్తుంది గాని తిట్లు తినదు కదా. అవి తినడానికి ఆయనే మిగిలారు. కాని ప్రోగ్రాములో తప్పు వెతుక్కుంటూ కూర్చున్నంతసేపూ తన చేయి వణకడం లేదని ఆయన గమనించారు. ఆదివారాలు రాజమండ్రి బస్సెక్కి, అక్కడి కంప్యూటరు శిక్షణ కేంద్రంలో తనను అంకుల్ అని పిలిచే కుర్రకారు పక్కన బెంచీ మీద కూర్చుని, చదువు మళ్ళీ మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి పిలుపొచ్చినప్పుడు జీతం ఇక్కడికన్నా తక్కువ, పైఅధికారి ఆయనకన్నా చిన్నవాడు. ఇద్దరాడపిల్లలతో ఇదేం సాహసమని అందరమూ అడ్డుపడ్డాము. అప్పుడు కనకవల్లి గారన్న మాట ఈ సంచికలో ఉండి తీరాలి: “ఉద్యోగం మానేస్తే ఎలాగోలా బతుకుతామండి. మానకపోతేనే నాకు భయం.” ఆ మాటతో మా అభ్యంతరాలు వెనక్కి తీసుకున్నాము. సూర్యనారాయణమూర్తి గారు కూడా మెత్తబడి, ప్రయాణానికి మంచిరోజు తామే చూసి పెట్టారు.

విరమణ సంగతి ఊళ్ళో తెలిశాక లక్ష్మీనరసమ్మ గారు మళ్ళీ కార్యాలయానికి వచ్చారు. చేతిలో ఏమీ లేదు. ఆయన ఎదుట నిలబడి, “మీరు చల్లగా వెళ్ళండి బాబూ. మీరెళ్ళాక ఆ పెట్టెలో ఎవరి తాలూకన్న గడి ఎవరైనా పెట్టేస్తారేమోనండి,” అన్నారు. శశిభూషణ్ గారు మా అందరి వైపూ చూశారు. పదహారేళ్ళలో ఆయన మమ్మల్ని ఏదైనా కోరారంటే, ఆ చూపుతోనే.

శశిభూషణ్ గారూ, ఆవిడకు జవాబు చెప్పవలసినది ఇకపై మేము. ఆ గడి పెట్టబోమని మీ కుటుంబసభ్యుల సమక్షంలో, మీ మామగారి ఎదుట కూడా, మాట ఇస్తున్నాము. అరుగు మీద మనుషులు లేని ఉదయాలు మీకు లభించుగాక. పెళ్ళిళ్ళలో గారెలు తృప్తిగా తిని, మీరూ, కనకవల్లి గారూ, పిల్లలూ ఆయురారోగ్యాలతో నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఆ చేయి ఇక ఎన్నడూ వణకరాదనీ మనసారా కోరుకుంటున్నాము.