జాబితాలో మిగిలిన ఒక్క పేరు

అలా చూడకక్కా, చూపుతోనే చంపేసేలా ఉన్నావు! ఆ ఫోనిలా ఇవ్వు. ఎన్నిసార్లు నొక్కినా అంతే. రక్తం ఇచ్చేవాళ్లు నూట ఎనభై ఆరుగురు ఉండాల్సిన చోట ఒక్క పేరే వస్తోంది.

లేదు, సైటు చెడిపోలేదు. అదే నా ఏడుపు! పేరు చేర్చడానికి ఒక రూటు, గ్రూపుతో వెతకడానికి ఒక రూటు, సర్వర్‌కి ఏ పనికి ఏ దారో అన్నీ చక్కగా రాశా. అన్నీ పనిచేస్తున్నాయి. వెతుకుదామంటే లోపల మనుషులే లేరు.

ఎవరు చెరిపారా? నేనే. ఒక్కొక్కరికీ ఫోన్ చేయలేక చస్తున్నా, అందరికీ ఒకేసారి కబురు వెళ్లేలా చెయ్యవే అని నువ్వే కదా అడిగావు? పొద్దున తొమ్మిదింటికి దానికోసం కొత్త రూటు రాశా. డేటాబేస్‌లో ఒక గడి పెంచాల్సొచ్చింది. అలవాటు కొద్దీ, మొదట్లో రాసుకున్న ఫైలు నడిపేశా. దాని మొదటి లైనేంటో తెలుసా? పాత పేర్ల పట్టిక ఉంటే తీసిపారెయ్! నేర్చుకునే రోజుల్లో రోజుకి పదిసార్లు మళ్లీ మొదలెట్టేదాన్ని కదా, పని సులువవుతుందని పెట్టుకున్నా. తర్వాత ఆ లైను తియ్యాలన్న ఇంగితం ఉండొద్దూ నాకు?

కాపీనా... లేదక్కా. తీద్దాం, తీద్దాం అనుకుంటూనే ఎనిమిది నెలలు గడిపేశా.

రక్తమిచ్చేవాళ్ల నంబర్లు రాసుకున్న నీ నీలం అట్ట పుస్తకం గుర్తొస్తోంది కదూ? దర్జీ నంబరు, లెక్కల మాస్టారి నంబరు, 'ఆరు తర్వాతే చెయ్యాలి' అంటూ పక్కన నీ కోడిగీతలు. ఇంకా ఈ చెత్తెందుకక్కా అని పాత కాగితాలవాడికి వేయించింది నేనే. కంప్యూటర్ మర్చిపోదని ఎంత ధీమాగా చెప్పానో!

తిట్టవేం? మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిన పిల్ల నీ కూతురు. గడువు దాటి నాలుగు రోజులైంది, చిట్టి పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఓ నెగటివ్ ఈ ఆసుపత్రిలో ఒక్క ప్యాకెట్టూ లేదట, ఎవరికైనా ఫోన్ చేశారా అని నర్సు రెండుసార్లొచ్చి అడిగింది. ఎవరికి చెయ్యను చెప్పు?

ఏంటీ? ఆ మిగిలిన పేరా? అది... ఉత్తుత్తిదిలే. అంతా తుడిచేశాక ఆ ఫైలు తనంతట తనే ఒక పేరు చేరుస్తుంది, వెతికే రూటు సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి. సైటు నీకిచ్చే ముందు దాన్ని చెరిపేశా. అందుకే నువ్వెప్పుడూ చూడలేదు.

అవును, నా పేరే. నా నంబరే.

గ్రూపా?

ఎవరు చూడొచ్చార్లే అని నిజమే రాసుకున్నానక్కా, ఓ నెగటివ్ అని. నాది పాజిటివ్ అని నాలుగేళ్లుగా నీకు చెబుతున్నదే అబద్ధం. సూదంటే నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. చిట్టికి మొదటిసారి ఎక్కించిన రోజు భయంతో నోటికొచ్చింది చెప్పేశా, తర్వాత మార్చడానికి మొహం చెల్లలేదు. నువ్వు ముక్కూమొహం తెలియనివాళ్ల కాళ్లావేళ్లా పడుతుంటే, పక్కన కూర్చుని వాళ్ల పేర్లు ఎక్కించా. అసలు ఆ సైటంతా ఎందుకు కట్టాననుకున్నావు? నా వంతు రాకూడదనే.

నర్సుని పిలువు. ఒక్కసారి నా చెయ్యి పట్టుకుంటావా?

సరే... వద్దులే. నువ్వు చిట్టి దగ్గరికెళ్లు. నేనే పిలుచుకుంటా.