కరెంటు ఆపాల్సిన మనిషి

"అంటే కట్టుకున్న మొగుణ్ణి రేపు మీటింగులో రచ్చకీడుస్తావన్నమాట."

మంచం మీద ఉతికిన బట్టల కుప్పకు చెరో పక్కన కూర్చుని భార్యాభర్తలు గొంతు తగ్గించి వాదించుకుంటున్నారు. ఆమె వరద సహాయంలో అధికారులకు శిక్షణ ఇస్తుంది; ఇవాళ ఊళ్ళో ఉత్తుత్తి వరదతో డ్రిల్లు నడిపింది. ఆయన విద్యుత్ శాఖ ఇంజనీరు.

"మొగుడు ఇంట్లో. డ్రిల్లులో మీరు కరెంటు ఆపాల్సిన మనిషి. ఫైర్ ఆఫీసరు ఫోన్ చేస్తే ఆపలేదు."

"మా పైవాళ్ళు చెప్పందే ఎలా ఆపను?"

"పుట్టి మునిగాక ఆర్డరొచ్చి ఏం లాభం? పడవ కరెంటున్న తీగల కిందికి వెళ్ళిపోయింది. అందులో బాధితురాలిగా కూర్చున్నది ఎవరు?"

"అమ్మ."

"చేతికి నల్ల రిబ్బను కట్టి, చనిపోయినవాళ్ళ బెంచీ మీద కూర్చోబెట్టాం. 'నా కొడుకే చంపాడమ్మా' అని అత్తయ్య అందరితో చెప్పి ఒకటే నవ్వు."

"మీకు నవ్వులాటే. అడక్కుండా లైన్ ఆపినందుకు మా సీనియర్ ఇప్పటికీ సస్పెన్షన్లో ఉన్నాడు. ఆయన తరఫున ఒక్కరైనా నోరు విప్పారా?"

"లేదు. అదీ రేపు అడగండి. కానీ నిజంగా వరదొస్తే, ఆ బెంచీ మీంచి లేచి ఎవరూ ఇంటికి రారు."

ఆయన దుప్పటి మడతపెట్టాడు. తర్వాత హాల్లోకి వెళ్ళి టీవీ ఆపాడు. తల్లీ, పిల్లలూ తలెత్తారు.

"అమ్మా, మీరూ వినండర్రా. ఇకమీదట ఫైరువాళ్ళు ఫోన్ చేస్తే ముందు లైన్ ఆపేస్తాను. పైవాళ్ళకి తర్వాత చెప్తాను. రేపు మీటింగులో ఈ మాటే అంటాను. ఉద్యోగం మీదికి వస్తే అందరం కలిసే పడదాం."