డెల్మర్ పేరు వెతికిన రోజు

కెంటకీలో దివాలా కేసులు చూసే ఫెడరల్ కోర్టు ఆఫీసు. జనం కోసం గోడవార పెట్టిన కంప్యూటరు ముందు డార్సీ, ఆమె ఒళ్లో ఎనిమిది నెలల కొడుకు కోల్బీ, పక్కన డార్సీ వాళ్లమ్మ వెర్నా. కౌంటరు అవతల గుమస్తా, ట్రెడ్‌వే గారు.

"ముందు నీ మోచెయ్యి తియ్యమ్మా. తెర కనబడట్లేదు."

"నా మోచెయ్యి ఉన్నచోటే ఉందే. నువ్వే మీదపడి చూస్తున్నావు, నూతిలో బకెట్టు జారిపోయినట్టు."

"జారిపోయేది బకెట్టు కాదు, ఇల్లు. నేనూ వీడూ తలదాచుకునేది అందులోనే. వచ్చే నెల ఆ డెల్మర్‌ని పెళ్లి చేసుకుని ఇంటి కాగితం మీద ఆయన పేరు కూడా ఎక్కిస్తానంటివి. ఆయన ఎప్పుడో ఐపీ పెట్టినవాడైతే? వెనకాల అప్పులవాళ్లుంటే? పిల్లాణ్ణి చంకనేసుకుని నేనెక్కడికి పోవాలి?"

"డెల్మర్ వెనకాల ఎవరూ లేరే. ఆయన కుక్క కూడా వెనక రాదు, ముందు నడుస్తుంది."

"నవ్వించకు. ట్రెడ్‌వే గారూ, ఇందులో మా కౌంటీ వాళ్లవి మాత్రమే వస్తాయా?"

"కాదండీ. రాష్ట్రంలో ఈ సగం మొత్తం వస్తుంది. కేసు తెరిచి పిటిషను మొదటి పేజీ చూస్తే ఏ కౌంటీయో ఉంటుంది. ముందు ఇంటిపేరు కొట్టండి, తర్వాత అసలు పేరు. మధ్య పేరు తెలిస్తే ఇంకా మంచిది."

"పొద్దున మా కౌంటీ కోర్టుకి వెళ్లామండీ. అక్కడ కిటికీ దగ్గరావిడ నవ్వింది."

"అందరూ ముందు అక్కడికే వెళ్తారు. కౌంటీ వాళ్ల దగ్గర ఇళ్ల కాగితాలూ, పెళ్లి లైసెన్సులూ, కారు రిజిస్ట్రేషను ట్యాగులూ ఉంటాయి. ఐపీ కేసులు ఫెడరల్ వాళ్లవి."

"చూశావా అమ్మా? కౌంటీ కోర్టులోనే ఉంటాయి పద పద అని లాక్కెళ్లావు. గంటన్నర దండగ."

"నాకేం తెలుసే. కోర్టంటే కోర్టే అనుకున్నా."

"ఇంకోటి. ఆ కిటికీ ఆవిడ నిన్ను చూడగానే 'ఇవాళ తీసుకొచ్చావా వెర్నా' అందేం? ఏం తీసుకురావాలి?"

"కారు ట్యాగు కాగితమేదో."

"కారు ట్యాగు పని ఏప్రిల్లోనే అయిపోయిందిగా."

"కోల్బీ తడిపాడేమో చూడు."

"మాట మార్చకు. అబ్బ, నిజంగానే తడిపాడు. ఇక్కడ బాత్రూం ఎక్కడుందో ఏమో."

"హాలు చివర, ఎడమపక్క. తలుపు భుజంతో గట్టిగా తొయ్యాలి."

"నీకెలా తెలుసు?"

"బోర్డు ఉందిగా."

"భుజంతో తొయ్యాలని కూడా బోర్డు మీద రాశారా?"

"పాత భవనాల్లో తలుపులన్నీ అంతేలే. ఇటివ్వు, నేను మారుస్తా వాణ్ణి. లేదంటే వద్దు, ఇక్కడే కూర్చుంటా. నువ్వే వెళ్లు."

"నేను వెళ్తే నువ్వు కంప్యూటరు తీగ లాగేస్తావు. కుర్చీలోనే మార్చేస్తా. గుడ్డ పట్టుకో. ట్రెడ్‌వే గారూ, ఏమీ అనుకోకండి."

"మేం ఇంతకంటే ఘోరాలు చూశామండీ."

"ఆ. కొట్టాను. స్టిడమ్. డెల్మర్. ఇప్పుడు ఏం నొక్కాలి?"

"వెతుకు అన్నచోటండీ."

"అదే, ఆయన మీద నీకెందుకే అంత అనుమానం?"

"ఎందుకా? వారం వారం వస్తాడు. వరండాలో పడున్న ఆ ముసలి ఫ్రిజ్ బాగుచేస్తాడు. ఎవరైనా దాన్ని బాగుచేస్తారా? రాత్రంతా ఎలుగుబంటిలా గుర్రుమంటుంది, కోల్బీ ఉలిక్కిపడి లేస్తాడు. పారెయ్యమంటే నువ్వు పారెయ్యవు. బాగుచేసినందుకు ఆయన ఒక్క డాలరు తీసుకోడు. డబ్బు వద్దనేవాడికి ఇంకేదో కావాలన్నమాట."

"నేను కావాలేమో."

"అమ్మా."

"ఏం, నేను పనికిరానా? ఇంకా మోకాళ్లు రెండూ నావే."

"సరే, ఎక్కడ కలిశారంటే ఒక్క మాట మీద నిలబడవే? ఓసారి చర్చిలో చేపల విందులో అన్నావు. ఓసారి దాణా కొట్టు దగ్గర అన్నావు. కిందటి వారం ఎవరిదో చావులో అన్నావు."

"మనుషులు చాలా చోట్ల కలుస్తారు."

"మొదటిసారి ఒక్కచోటే కలుస్తారు."

"తెర మీద ఏదో వచ్చింది, చూసుకో."

"ఏమీ రాలేదు. ఈ పేరుతో ఎవరూ లేరంటోంది."

"హమ్మయ్య. చూశావా? కడిగిన ముత్యం. ఇక పద. పార్కింగ్ మీటరులో వేసిన చిల్లర అయిపోతుంది. వెళ్తూ వెళ్తూ హోటల్లో వేడి బిస్కట్లూ గ్రేవీ తిందాం, నేనే ఇప్పిస్తా."

"నువ్వే ఇప్పిస్తావా? ఇక్కడి కాఫీ మెషీన్లో ఎవరో మర్చిపోయిన చిల్లర ఉందేమోనని వేలు పెట్టి చూసొచ్చినదానివి."

"ఆ మెషీను ఎప్పుడూ చిల్లర మింగుతుంది."

"ఎప్పుడూనా?"

"మెషీన్లు ఎప్పుడూ అంతే అంటున్నా. లేవ్వే."

"ఉండమ్మా. ట్రెడ్‌వే గారూ, లేదంటే నిజంగా లేనట్టేనా? ఈ కంప్యూటరు పనిచేస్తోందని ఏంటి నమ్మకం?"

"నేను సలహాలివ్వకూడదండీ. కానీ తెలిసిన ఇంటిపేరు ఇంకోటి కొట్టి చూస్తే మీకే తెలుస్తుంది."

"అలాగే. మా ఇంటిపేరే కొడతా. కోంబ్స్."

"వద్దే."

"ఎందుకొద్దు?"

"కోంబ్సులు కోకొల్లలు. సాయంత్రం దాకా చదవాలి."

"అది పనిచేస్తోందో లేదో తెలిస్తే చాలు. ఇదిగో, వచ్చేశాయి. అమ్మో, ఇంతమందా. కోంబ్స్ ఆల్విన్, కోంబ్స్ బెర్నిస్... మీ బెర్నిస్ అత్తేనా?"

"వేరే బెర్నిస్. డార్సీ, పిల్లాడు ఆకలేసి ఏడుస్తున్నాడు."

"వాడు నవ్వుతున్నాడు. కోంబ్స్ టాల్మజ్... కోంబ్స్, వెర్నా మే."

"ఈ కొండల్లో వెర్నా మే అనేవాళ్లు ఎంతమంది లేరు."

"ఉంటారు. ఇరవై రెండేళ్ల కిందటిది. ట్రెడ్‌వే గారూ, పేరు ఒకటే అయినా మనిషి వేరేమో, ఎలా తెలుస్తుంది?"

"సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు చూపిస్తుందండీ. అవి సరిపోవాలి."

"మా అమ్మ బీపీ మందుల ఫారాలు నింపేది నేనేనండీ. నాలుగంకెలూ నాకు కంఠతా. ఆరు, సున్నా, ఒకటి, తొమ్మిది."

"అంకెలదేముంది, పద."

"అమ్మా, ఇక్కడా ఆరు, సున్నా, ఒకటి, తొమ్మిది."

"చదివేశావుగా. ఇక మూసెయ్."

"నువ్వా? ఐపీ పెట్టింది నువ్వా?"

"మెల్లగా. ట్రెడ్‌వే గారు వింటారు."

"నేనేం వినట్లేదండీ. ఆస్తుల జాబితా చూడాలంటే ఆ వరసలో నాలుగోది నొక్కాలి."

"మీరు దీనికి సాయం చెయ్యకండి."

"ఎక్కడ నొక్కాలో చెప్పొచ్చండీ. ఎందుకో చెప్పకూడదు."

"వచ్చింది. చేతిలో నగదు, పదకొండు డాలర్లు. ఉయ్యాల తొట్టి, వాడినది, పది డాలర్లు. ప్లిమత్ కారు, నడవదు. కుక్క ఒకటి, పేరు బిస్కట్, విలువ సున్నా. అమ్మా, బిస్కట్ సున్నానా?"

"నీ బూట్లన్నీ నమిలేసింది. సున్నా కూడా ఎక్కువే రాశాను."

"ఫ్రిజ్, వాడినది, నలభై డాలర్లు."

"ఆ."

"ఆ ఫ్రిజ్జేనా? వరండాలోది?"

"ఆ."

"ఎందుకు పెట్టావమ్మా ఐపీ? ఎప్పుడూ చెప్పలేదే?"

"ఏమని చెప్పను? అమ్మ గురించి నీకు అన్నీ తెలుసు, ఇదొక్కటి తెలియకపోతే ఏమయ్యింది అనుకున్నా. ఏ రోజుకారోజు రేపు చెబుదాంలే అని. నీకు ఇరవై రెండొచ్చేశాయి."

"అప్పులవాళ్ల జాబితా ఇక్కడుంది. ఆసుపత్రి, పదకొండు వేల నాలుగు వందలు. అంత ఎందుకు?"

"నువ్వు."

"నేనా?"

"నెల తక్కువ పుట్టావు. ఎనిమిది రోజులు గాజుపెట్టెలో ఉన్నావు. మీ నాన్న అయిదో రోజే వెళ్లిపోయాడు. ధర ఎక్కువని నేనెప్పుడూ అనలేదు, గుర్తుపెట్టుకో."

"అమ్మా..."

"ఏడవకు. నువ్వేడిస్తే వాడూ మొదలెడతాడు. ఇక చాలు, కట్టెయ్."

"ఇంకా మూడే ఉన్నాయి. క్రెడిట్ కార్డు. కరెంటు. స్టిడమ్ రిపేరు షాపు, ఫ్రిజ్ మరమ్మతు, ఎనభై అయిదు డాలర్లు."

"చాలంటున్నానా."

"స్టిడమ్. అమ్మా, స్టిడమ్ అని ఉంది."

"కళ్లున్నాయి నాకు."

"ఆయన పేరు వెతికితే దొరకలేదేం మరి?"

"ఐపీ పెట్టినవాళ్ల పేర్లే వస్తాయండీ. అప్పిచ్చినవాళ్లు కేసు లోపల ఉంటారు, తెరిస్తేనే కనబడతారు."

"అంటే ఎగ్గొట్టింది ఆయన కాదు. నువ్వు. ఆయనకి."

"ఎగ్గొట్టడమేంటే, చట్టప్రకారం. జూలై నెల. నువ్వు ఇంటికొచ్చి మూడు నెలలు. ఫ్రిజ్ పాడైపోయింది, నీ పాలు విరిగిపోతున్నాయి. ఆయనొచ్చి బాగుచేశాడు. వచ్చే నెల ఇస్తానన్నా. తీరా ఆ నెల వకీలు దగ్గర కూర్చున్నా. ఒక్కరినీ వదలకూడదు, అందరి పేర్లూ రాయాలన్నాడు. సిగ్గుతో చచ్చిపోతూ రాశాను."

"ఇక్కడింకోటుంది. అప్పులవాళ్ల సమావేశం. హాజరైనవారు, ఒక్కరు."

"ఒక్కరా? ఇన్నేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నానండీ, ఆ సమావేశానికి ఎవరూ రారు. ఎనభై అయిదు డాలర్ల కోసం అసలు రారు. ఈ మాట నేననలేదు."

"పోస్టులో నోటీసు వెళ్లిందిగా, కోర్టు తనని పిలిచిందనుకున్నాడు మానవుడు. రాకపోతే పట్టుకుపోతారనుకుని ఆదివారం చొక్కా వేసుకుని గంటన్నర కారు నడుపుకుంటూ వచ్చాడు. ఆసుపత్రి వాళ్లు రాలేదు. కార్డు వాళ్లు రాలేదు. ఈయన ఒక్కడు, టోపీ చేత్తో పట్టుకుని."

"ఎక్కడ?"

"ఇక్కడే. ఈ భవనంలోనే, మెట్లెక్కగానే రెండో గది. నేనూ ఆయనా సరిగ్గా మాట్లాడుకున్నది మొదటిసారి అక్కడే. చేపల విందూ లేదు, చావూ లేదు."

"నీ మీద అరిచాడా?"

"సమావేశం నడిపే పెద్దమనిషి, 'ఈమెని ఏమైనా అడగాలా' అన్నాడు. డెల్మర్ లేచాడు. నేను తల దించేసుకున్నా."

"ఏమడిగాడు?"

"'పాప పాలు చల్లగా నిలుస్తున్నాయా అండీ' అని."

"డబ్బు సంగతి ఎత్తలేదా?"

"లేదు. అప్పటికి ఆయనకి భార్య ఉంది, బంగారంలాంటి మనిషి. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ మన గడప తొక్కలేదు. ఆవిడ పోయిన మూడేళ్లకి ఫ్రిజ్ మళ్లీ పాడైతే నేనే ఫోన్ చేశా. అదీ కథ. ఇప్పుడు చెప్పు, పారెయ్యమంటావా దాన్ని?"

"ట్రెడ్‌వే గారూ, ఈ పేజీ ఒక్కటి కావాలి. ఎంత?"

"పేజీకి పది సెంట్లు."

"దేనికే అది?"

"దాచుకోవడానికి. ఇప్పుడు టైమెంతయింది? మా కౌంటీ ఆఫీసు ఎన్నింటికి మూస్తారండీ?"

"నాలుగున్నరకండీ. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటారు."

"లేమ్మా. కోల్బీ సంచీ పట్టుకో. ఇంటి కాగితం మీద ఆయన పేరెక్కించేది అక్కడే కదా. ఇవాళే ఎక్కించేద్దాం. బిస్కట్లు తర్వాత తిందాం."

"కూర్చో డార్సీ."

"మళ్లీ ఏంటి?"

"ఆయన పేరు ఎక్కదు. పోయిన మంగళవారం నేనూ ఆయనా కౌంటీ ఆఫీసుకి వెళ్లాం. 'పసివాడున్న ఇల్లు వాడి అమ్మ పేర ఉండాలి' అని తన పేరు కొట్టించేసి నీ పేరు రాయించాడు. నీ సంతకం ఒక్కటే లేదు. పొద్దున నిన్ను అక్కడికి లాక్కెళ్లింది అందుకే. నువ్వేమో కిటికీ దగ్గర ఐపీ, ఐపీ అని మొదలెట్టావు, నాకిక నోరు రాలేదు. ఆవిడ 'తీసుకొచ్చావా' అన్నది కాగితాన్ని కాదే, నిన్ను."