పాత గనిలో ఇరవై చేపలు

రంగన్న అబద్ధాలాడతాడని ఊళ్లో ఎవరూ అనరు. నిజమనేది ఆయన దగ్గరికి చంటిబిడ్డగా వస్తుంది, గ్లాసులో టీ అయిపోయేలోపు పెండ్లీడుకొస్తుంది. అంతే తేడా.

ఆ పొద్దు ఎర్రగుంట్ల దారిలో గాబ్రియేలు టీ అంగడి ముందర, నాపబండ మీద కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ బిందె, అందులో మందలు మందలుగా దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు, ఒక్కోటి వేలి కణుపంత. ఇంటి నుంచి అంగడికి నిండా రెండు నూర్ల అడుగులు లేకపోయినా ఆటోలో వచ్చి దిగాడు. చేపలకు కుదుపు తగలకూడదట.

ఆ బిందె కొత్త గనిలో పొయ్యాలంటే పెద్ద ఈరన్న ఊ అనాలి. గని ఆయన పొలంలోది. నాపరాయి తవ్వడం ఆపేసి పదేండ్లయింది, ఇప్పుడది నిలువులోతు నీళ్ల గుంత. ఈరన్న రాగానే కూర్చున్నవాళ్లంతా లేచారు, రంగన్న తప్ప. పోయినేడు ఇరవై దినాలు దోమల మందు కొట్టే కూలికి పోయొచ్చాడు, ఆ పొగరు ఇంకా దిగలేదని గుంపులోంచి నరసన్న గొణిగాడు.

పక్కనే చేపల గంప దించుకుని నిలబడిన విశ్వాసమ్మ ఆ బారజాపిన కాళ్లవైపు చూసింది.

ఆమె బతుకు రెండు గనుల మీద నడిచేది. వంక పొంగినప్పుడు వచ్చి ఆ గుంతల్లో చేరిన పరిగెలు, కొర్రమీన్లు ఆమె వలలో పడి, ఊళ్లోవాళ్ల సంగటి ముద్దల పక్కకు చేరేవి. పాత గనిలో రంగన్న చేపలు పడి ఏడాది కాలేదు, ఇప్పుడక్కడ వలేస్తే గోరంత చేపలు తప్ప ఏమీ రావు. వాటిని పిల్లికి వేసి చూసింది. పిల్లి వాటిని వాసన చూసి, ఆమె మొహం చూసి, పక్కింటికి వెళ్లిపోయింది. మిగిలింది కొత్త గని. ఈ టీ అయ్యేసరికి ఈరన్న ఊ అన్నాడంటే అదీ పోయినట్టే. వద్దు మామా అని రెండు రోజులుగా ఆయన ఇంటి చుట్టూ తిరిగింది. “దోమలు పోతాయంటే నీ పరిగెలదేముందిలేమ్మా” అన్నాడాయన. అందుకే ఈరోజు వాదించడానికి రాలేదు. వినడానికి వచ్చింది.

రంగన్న మొదలుపెట్టడం శానా వినయంగానే పెట్టాడు. తాను చేసిందేమీ లేదన్నాడు. పోయినేడు కీళ్ల జరం ఊరినంతా వంచేసిన దినాల్లో దోమల మందు ఆఫీసరు ఒక కవర్లో ఇరవై చేపలు పోసిచ్చి, ఎక్కడైనా వదలమన్నాడంట, తాను పాత గనిలో వదిలినాడంట. అంతవరకు నిజమే.

“ఇరవై అంటే ఇరవైనేప్పా, లెక్కపెట్టుకున్నా. ఇంగ వీటి గొప్పేందంటే, మన చేపల మాదిరి గుడ్లు పెట్టి పొయ్యేరకం కాదు, ఆవు ఈనినట్టు పిల్లల్నే ఈనుతాయి. సోమవారం వదిల్తిని, శుక్రవారం పోయి చూస్తిని, ఇరవై వేలు.”

“నాలుగు దినాల్లోనా?” అన్నాడు నరసన్న.

“నీళ్లు మంచివైతే మూడే చాలు. సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసునా?”

దోమ పిల్లలన్నీ మొదటి వారంలోనే ఖాళీ అయ్యాయంట. ఇక చేపలకు ఆకలి. నీళ్లలో దొరక్కపోయేసరికి సాయంత్రం పూట ఎగిరి, గాల్లో పోయే దోమల్ని పట్టడం మొదలుపెట్టాయంట. మొదట జానెడు ఎగిరేవి, నెల తిరిగేసరికి తుమ్మచెట్టు ఎత్తు. మిగిలిన దోమలు కూడబలుక్కుని, పిల్లాజెల్లాతో ఎర్రగుంట్ల టేషన్‌కు పోయి రైలెక్కాయంట. ఏ రైలని గాబ్రియేలు అడిగితే, మద్రాసుకు పొయ్యేదని తడుముకోకుండా చెప్పాడు.

ఈరన్న నవ్వలేదు. ఆయన భార్యకు పోయినేడు వచ్చిన జరం వేళ్లలో కూర్చుంది. ఇప్పటికీ చెంబు పట్టలేదు, జడ వేసుకోలేదు. దోమలు రైలెక్కాయంటే ఆయన నమ్మడు గానీ, ఎక్కడికో ఒకచోటికి పోయాయంటే నమ్మాలని ఉంది. విశ్వాసమ్మ ఆ మొహం చూసింది. వట్టి కోతలైతే భయం లేదు. ఇది మనిషి కష్టం మీద కోసే కోత, అదీ చిక్కు.

గాలిపటం తెగాలంటే దారమంతా వదిలిపెట్టాలి. ఆమె దారం వదిలింది.

“దోమలు పోతే ఇంగ అవి ఏం తిని బతికినాయి రంగన్నా?”

“అట్ట అడుగు విశ్వాసమ్మా. కప్పల్ని తిన్యాయి. తోకకప్ప పిల్ల కనపడితే చాలు, తోక మొదలు, తల తర్వాత. ఒడ్డున కప్ప అరుపు విని ఎన్నాళ్లయింది మీరంతా? కప్పలయినాక పరిగెలు. పిల్ల పరిగెల్ని మింగేవి, పెద్ద పరిగెలకు రెక్కలూ తోకలూ కొరికి ఈత రాకుండా చేసేవి. ఒక్క పరిగె లేదిప్పుడు పాత గనిలో. నా ఇరవై చేపల పని అది.”

అందరూ టీ గుటకలేస్తున్నారు. చేపలు గనిలో పడ్డాక ఏం జరిగిందో రంగన్న చెప్పినవాటిలో నిఖార్సయిన నిజం అదొక్కటే, ఎవరికీ పట్టలేదు. విశ్వాసమ్మకు మాత్రం పట్టింది. మనిషి తాను చేసిన చెడుపును మీసం దువ్వుకుంటూ చెప్పుకోవడం ఆమె మొదటిసారి వింటోంది. అయినా దారం ఆపలేదు. “తర్వాత?” అంది.

తర్వాత ఒక నీళ్లపాము. ఒడ్డెక్కి వచ్చి రంగన్న చెప్పు కింద దాక్కుందంట, ఎంత తరిమినా మళ్లీ నీళ్లలోకి పోనని తల అడ్డంగా ఊపిందంట. ఆ తర్వాత నరసన్న పాడి ఎనుము. పాపం, దాహానికి మూతి పెడితే, వెయ్యి చేపలు ఒక్కటై మూతి పట్టుకుని లోపలికి గుంజాయంట. రంగన్న తోక పట్టుకుని ఇటు లాగుతాడు, చేపలు అటు లాగుతాయి, పొద్దున మొదలైంది మధ్యాహ్నం బువ్వ వేళకు గానీ తెగలేదంట.

“మా ఎనుమునా?” అన్నాడు నరసన్న. “నాకు చెప్పనే లేదే అది.”

“సిగ్గుపడుంటది.”

ఇక పట్టపగ్గాల్లేవు. సిమెంటు లారీ కడగడానికి దిగిన డ్రైవరు తిరిగి చూసేసరికి టైర్లు పోయి చక్రాలన్నీ వట్టి ఇనుమంట. శ్రీశైలం డ్యాం నుంచి ఇంజనీర్లు జీపులో వచ్చి, చేపలు ఒక డజనిస్తే వానల్లేని ఏడు వాటితోనే చక్రాలు తిప్పి కరెంటు తీసుకుంటామని బతిమలాడారంట. తాను ఇవ్వలేదంట. మన చేపలు మన ఊరికే.

“అదీ కథ. నన్ను చూడు ఈరన్న మామా. ఊరంతా మంచాన పడినా నన్నొక్క దోమ ముట్టిందా? పాత గని ఒడ్డున ఉండేది నా ఇల్లొక్కటే. దోమకు నేనంటే హడల్. ఊ అను, బిందె పోసేద్దాం.”

ఈరన్న గ్లాసు కింద పెట్టాడు. లారీ సంగతి వదిలేశాడు, ఎనుము సంగతి వదిలేశాడు. దోమ సంగతి పట్టుకున్నాడు.

“సరే. పోసేద్దాం పా.”

విశ్వాసమ్మ గంప వదిలి ముందుకొచ్చింది. “అయితే లెయ్యి రంగన్నా. బిందె ఎత్తుకో.”

“ఎవరైనా ఎత్తుకోండి, నేనొస్తా.”

“ఇరవై వేల చేపల్ని సాకినోనివి, నువ్వే ఎత్తుకోవాల. లెయ్యి.”

ఇంకో టీ తాగొస్తానన్నాడు. గాబ్రియేలు టీ అయిపోయిందన్నాడు. ఆటో రానీ అన్నాడు. కనపడే దూరానికి ఆటో ఎందుకని ఈరన్న అడిగాడు. రంగన్న బండను రెండు చేతులా పట్టుకుని, నవ్వుతూనే ఒకసారి పైకి లేవబోయి, నవ్వుతూనే మళ్లీ కూలబడ్డాడు. నవ్వు మొహం మీదే ఉంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నువ్వొచ్చినప్పుడు ఈ మనిషి లెయ్యలేదు మామా, పొగరనుకున్నారు అందరూ,” అంది విశ్వాసమ్మ. “పొగరు కాదు, మోకాళ్లు. నిన్న చేపలియ్యడానికి వాళ్లింటికి పోతే గోడ పట్టుకుని నడుస్తాండాడు. ఎన్ని దినాలాయ రంగన్నా జరమొచ్చి?”

రంగన్న బిందెలోకి చూశాడు. “పదైదు,” అన్నాడు. ఆ మొదటి ఇరవై తర్వాత ఆయన నోటినుంచి పెరగకుండా బయటికొచ్చిన అంకె అదే.

“దోమ ముట్టని మనిషి,” అన్నాడు నరసన్న, ఎనుము తరఫున.

“ఆ దోమ గనిలో పుట్టలేదు మామా,” అంది విశ్వాసమ్మ. “వాళ్ల పెరట్లో నీళ్ల తొట్టికి మూత లేదు. దోమ తోకపురుగులు కుప్పలుగా ఆడతాండాయి దాంట్లో. తొట్లు వారానికొకసారి తోమి కడగండని ఆస్పత్రి నర్సమ్మ ఇంటింటికీ తిరిగి చెప్పె. అది చెయ్యనోళ్లం గనిలో చేపలేస్తే ఏమొస్తాది? కప్పలు పోయినాయి, పరిగెలు పోయినాయి. దోమ ఒక్కటే ఉండాది.”

ఈరన్న తన ఇంటి తొట్టిని గుర్తుచేసుకుంటున్నట్టు కాసేపు నేలచూపులు చూశాడు. తర్వాత లేచి, బిందె తానే ఎత్తి, అంగడి ముందరి ఎర్రమట్టిలో వంచేశాడు. చేపలు మట్టిలో మిణుగురుల్లా ఎగిరిపడ్డాయి. గాబ్రియేలు కోళ్లు పరిగెత్తుకొచ్చాయి. వాటిలో మెడ మీద ఈకల్లేని పెట్ట ముందు ఒకటి మింగింది, తల ఎత్తి ఆలోచించింది, ఇంకో నాలుగు మింగింది.

“ఎనుమును గుంజినవి ఇవేనా?” అన్నాడు ఈరన్న. కొత్త గనిలో ఈ చేపలు ఎవరూ పొయ్యొద్దని అందరికీ వినబడేలా చెప్పి, ఇంటిదారి పట్టాడు. తొట్టి కడగడానికే అయ్యుండాలి.

అంగడి ఖాళీ అయింది. విశ్వాసమ్మ రంగన్న చంక కింద చెయ్యేసి లేపింది. ఆయన మూలుగుతూ, ఆమె తిడుతూ, ఇద్దరూ ఇంటివైపు మెల్లగా నడిచారు. రేపు కొత్త గనిలో కొర్రమీను పడితే పులుసు కాసి పంపుతానంది, కాళ్లకు సత్తువ వస్తుందంది.

“ఆ గనిలో కొర్రమీను ఎంత ఉంటాదేం?” అన్నాడు రంగన్న, ప్రాణం కాస్త లేచొచ్చి.

విశ్వాసమ్మ ఆగి, ఖాళీగా ఉన్న చేతి వేళ్లు చాపి చూపింది.

“జానెడు,” అంది. చిటికెన వేలు కూడా ఎక్కువ చాపలేదు.